గైరోప్లేన్‌లో ట్రైనింగ్ ఇవ్వడానికి లోడా తెచ్చుకున్నవాళ్లు ఉన్నారా?

కొత్తపిట్ట: అందరికీ నమస్తే. ఉండేది టెక్సాస్‌లో. గైరోలో (పైన ఉన్న రెక్కలు, అంటే రోటర్, గాలికి తనంతట తిరుగుతూ ఎత్తి పట్టే, ప్రొపెల్లర్‌తో నడిచే చిన్న విమానం) స్పోర్ట్ పైలట్ ఇన్‌స్ట్రక్టర్‌నయ్యి రెండు నెలలైంది. గ్యారేజీలో నేనే కట్టుకున్న రెండు సీట్ల కిట్ ఉంది, ఎక్స్‌పెరిమెంటల్ సర్టిఫికెట్, అంటే ఫ్యాక్టరీ విమానాల్లా పూర్తి ఆమోదం లేనిది. దాంట్లో ఫీజు తీసుకుని నేర్పాలంటే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ దగ్గర లోడా, అంటే నియమం నుంచి సడలింపు ఇచ్చే లెటర్, తెచ్చుకోవాలంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మేస్త్రీ: ముందు ఒకటి చెప్పండి, విమానం ఎవరిది? స్టూడెంట్ తన గైరో తెచ్చుకుంటే మీ ఫీజు మీరు తీసుకోవచ్చు, లోడా అక్కర్లేదు. 2021 జులైలో ఎఫ్‌ఏఏ వాళ్లు అలాంటివాళ్లకీ కావాలన్నారు, పెద్ద గొడవైంది. 2022 డిసెంబర్‌లో అమెరికా కాంగ్రెస్ రక్షణ చట్టంలోనే ఒక సెక్షన్ పెట్టి ఆ బాధ తీసేసింది. కానీ నేర్పేదీ మీరే, విమానం ఇచ్చేదీ మీరే అయితే మాత్రం తప్పదు. ట్రైనింగ్‌కి దొరుకుతుందని విమానాన్ని ప్రకటించినా, నడిపే ఖర్చులకు మించి డబ్బు తీసుకున్నా అంతే.

కొత్తపిట్ట: నాది రెండో రకమేనండీ. ఇక్కడ సొంత గైరో ఉన్న స్టూడెంట్ ఎక్కడ దొరుకుతాడు!

టెక్సాస్ మామ: నేను తెచ్చుకున్నాను, చెబుతా విను. మొదలుపెట్టాలనుకున్న రోజుకి కనీసం 60 రోజుల ముందు అప్లై చెయ్యాలి. పాత కాగితాల్లో ఎఫ్‌ఏఏ నియమం నంబరు 91.319 అని కనిపిస్తుంది, 2024 డిసెంబర్ నుంచి ట్రైనింగ్ సంగతి 91.326లోకి వచ్చింది. పాత నమూనా చూసి కాపీ కొట్టకు.

నా మొదటి అప్లికేషన్ తిరిగొచ్చింది. తప్పు నాదే. సిలబస్ అని అర పేజీ రాశాను: టేకాఫ్, సర్క్యూట్, ల్యాండింగ్. అది మామూలు సెస్నా విమానానికీ సరిపోతుంది కదా! ఈ మెషీన్‌లోనే ఎందుకు నేర్పాలి, భద్రత ఎక్కడా తగ్గకుండా ఎలా చూస్తావు అన్నదే వాళ్లకి కావాలి.

రెండోసారి టేకాఫ్ ఒక్కదానికే రెండు పేజీలు రాశాను. ప్రీరొటేటర్‌తో, అంటే నేల మీదే రోటర్‌ని తిప్పే పరికరంతో, రోటర్‌ని రెండొందల ఆర్‌పీఎం దాకా తిప్పి, స్టిక్ పూర్తిగా వెనక్కి లాగి, తర్వాత మెల్లగా ఉరకాలి. కొత్తవాడు తొందరపడి త్రాటిల్ నెట్టేస్తాడు. రోటర్ ఇంకా అందుకోదు, గాలి మాత్రం మీదకి వచ్చేస్తుంది, బ్లేడు కొట్టుకోవడం మొదలవుతుంది. స్టిక్ మోకాళ్లకి దబదబా తగులుతుంది. అప్పుడు నా చెయ్యి ఎక్కడుంటుంది, ఏ క్షణంలో త్రాటిల్ తీసేస్తాను, అదంతా రాశాను. ఇంకోటి, విమానం పైలట్లకి స్టాల్, అంటే రెక్క ఎత్తే బలం పోవడం, అనిపిస్తే స్టిక్ ముందుకి నెట్టే అలవాటు. గైరోలో అలా నెడితే రోటర్ మీద బరువు తగ్గిపోతుంది, కొన్ని డిజైన్లలో ముక్కు కిందికి దొర్లి తిరగబడుతుంది. ఆ అలవాటు మాన్పించడానికే విడిగా ఒక పాఠం పెట్టాను. ఈసారి ఫోన్ చేసి ఆ రెండు పాఠాల గురించే అడిగారు. లెటర్ వచ్చింది.

గాలిపటం: రెడీమేడ్ గైరో కొనుక్కుంటే ఈ తంటా ఉండదు కదా?

మేస్త్రీ: 2004లో చిన్న విమానాల కోసం ఎఫ్‌ఏఏ తెచ్చిన లైట్ స్పోర్ట్ రూల్‌లో ఫ్యాక్టరీ నుంచి తయారై వచ్చే రకంలో గైరోలకి చోటే ఇవ్వలేదు. అందుకే ఇక్కడ గైరోలు చాలావరకు ఎక్స్‌పెరిమెంటలే. దాన్ని మారుస్తూ వచ్చిన మొజాయిక్ రూల్‌లో రోటర్‌క్రాఫ్ట్‌కీ, అంటే రోటర్‌తో ఎగిరేవాటికీ, తలుపు తీశారు, విమానాల భాగం 2026 జులై 24 నుంచి అమలు. కానీ మన కిట్ కిట్టే, ఆ రూల్ దాన్ని మార్చదు.

టెక్సాస్ మామ: అప్లికేషన్‌లో టెయిల్ నంబరు (విమానం రిజిస్ట్రేషన్ నంబరు), ఇన్‌స్ట్రక్టర్ వివరాలు, మెయింటెనెన్స్ పద్ధతి, ఇది ఎక్స్‌పెరిమెంటల్ అని స్టూడెంట్‌కి ఎలా చెబుతావో అన్నీ పెట్టు. లెటర్‌ని ఎప్పుడైనా మార్చచ్చు, రద్దూ చెయ్యచ్చు, అది మర్చిపోకు. ఇన్సూరెన్స్ మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు. నాకు లోడా కన్నా అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

గాలిపటం: హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఒక మాట. లోడా ఉన్నా సరే, స్పాన్సర్ చేసిన కంపెనీ తప్ప బయట డబ్బుకి పని చెయ్యకూడదు. ఇన్‌స్ట్రక్టర్ ఫీజు కూడా పనే.

కొత్తపిట్ట: నాది గ్రీన్‌కార్డ్ అండీ, ఆ గొడవ లేదు. నా సిలబస్‌లో టేకాఫ్‌కి సరిగ్గా మూడు లైన్లు ఉన్నాయి, ఇప్పుడే చూసుకున్నా. శనివారం కూర్చుని మళ్లీ రాస్తాను.

టెక్సాస్ మామ: రాశాక ఇక్కడ పెట్టు, చూస్తాం. టెయిల్ నంబర్ తీసేసి.