కదలని ఫైబర్ జైరోకు ఈ డ్రిఫ్ట్ ఎక్కడిది?

నిశ్చలం: గ్రానైట్ బల్లకు బిగించిన ఫైబర్ జైరో (ఫైబర్ కాయిల్‌లో కాంతిని తిప్పి భ్రమణ వేగాన్ని కొలిచే పరికరం) రీడింగులను పదహారు గంటలు నమోదు చేశాను. డేటాషీట్‌లో బయస్ (కదలకపోయినా జైరో చూపే తప్పుడు భ్రమణం) స్థిరత గంటకు 0.01 డిగ్రీ అని ఉంది. ఆన్ చేసిన మొదటి రెండు గంటల్లో మాత్రం బయస్ దానికి అయిదు రెట్లు జారింది. కారణం ఏమై ఉంటుంది? అయస్కాంత కవచం అవసరమా? అదే ఫ్రేముకు అతికించిన బ్రాగ్ గ్రేటింగుల (సాగుడును కాంతి తరంగదైర్ఘ్యపు మార్పుగా చూపే ఫైబర్ సెన్సర్ల) రీడింగులు కూడా జారుతున్నాయి, వాటిని ఎలా సరిచేయాలి?

సున్నా_గీత: ఆ 0.01 అలన్ వక్రరేఖలో (సగటు కాలాన్ని బట్టి రీడింగుల అస్థిరతను చూపే గీతలో) అట్టడుగు బిందువు మాత్రమే. ఉష్ణోగ్రత నిలకడగా ఉన్నప్పుడు, ఏదో ఒక సగటు కాలానికి మాత్రమే అది నిజమవుతుంది. ఆ అంకెను నమ్మి ఒక సరఫరాదారు దగ్గర జైరోలు కొని, ప్రాజెక్టులో ఆరు నెలలు పోగొట్టుకున్నవాణ్ణి నేను.

ఓపిక: అంత నిష్ఠూరం అక్కరలేదు. సగటు తీసే కాలాన్ని పెంచితే సమస్య దానంతటదే తగ్గుతుంది.

సున్నా_గీత: తగ్గేది వైట్ నాయిస్ (యాదృచ్ఛికమైన రొద) ఒక్కటే. యాంగిల్ రాండమ్ వాక్ (ఆ రొదను తెలిపే కొలత) గంట వర్గమూలానికి 0.01 డిగ్రీ అయితే, నూరు సెకన్ల సగటులో గంటకు 0.06 డిగ్రీలు ఉండే నాయిస్ గంటసేపటి సగటులో 0.01కి దిగుతుంది. బయస్ మాత్రం అలా దిగదు. వెనకబడిన గడియారాన్ని పదిసార్లు చూసి సగటు తీస్తే సరైన సమయం వస్తుందా?

ఓపిక: ఇరవై ఏళ్లుగా జైరోలతో పనిచేస్తున్న నాకు మీరు గడియారాల కథ చెప్పనక్కరలేదు. వేడెక్కే దశ ముగిశాక సగటు తీయమన్నదే నా ఉద్దేశం.

సున్నా_గీత: ఆ మాట మీ మొదటి పోస్టులో లేదు.

చుట్టలమేస్త్రి: స్వయంగా కాయిళ్లు చుట్టినవాణ్ణి కనుక చెబుతున్నాను, ఇది షూప్ ప్రభావం, 1980లోనే దీన్ని వివరించారు. కాయిల్‌లో ఎదురెదురుగా తిరిగే రెండు కాంతి తరంగాలు ఫైబర్‌లోని ఒకే బిందువును, అది సరిగ్గా మధ్యబిందువు అయితే తప్ప, వేర్వేరు క్షణాల్లో దాటుతాయి. ఆ కొద్ది వ్యవధిలో అక్కడి ఉష్ణోగ్రత మారితే, భ్రమణం లేకపోయినా వాటి మధ్య ఫేజ్ తేడా పుడుతుంది, జైరో దాన్ని భ్రమణంగానే లెక్కకడుతుంది. మధ్యబిందువు నుంచి సమదూరంలో ఉన్న ఫైబర్ భాగాలు పక్కపక్కనే పడేలా క్వాడ్రుపోల్ పద్ధతిలో చుట్టేది ఇందుకే. ఒక్క పొరలో ఒక్క చుట్టు తేడా వచ్చినా సమరూపత కొంత చెడుతుంది. యంత్రంతో చుట్టి పెట్టెలో పడేసేవారికి ఈ బాధ తెలియదు. మీరు ఉష్ణోగ్రతను కాదు, అది మారే వేగాన్ని బయస్ పక్కన గీసి చూడండి.

ధ్రువరేఖ: అసలు భూభ్రమణాన్ని తీసేశారా? అది గంటకు 15.04 డిగ్రీలు.

సున్నా_గీత: అది స్థిరమైన విలువ. జారుడుకు కారణం ఎలా అవుతుంది?

ధ్రువరేఖ: బల్ల వాలు మారితే జైరో అక్షం మీద పడే భాగమూ మారుతుంది. అక్షం భూ అక్షానికి లంబంగా ఉన్నప్పుడు, ఆ దిశగా ఒక్క మిల్లీరేడియన్ వాలు గంటకు 0.015 డిగ్రీల తేడా తెస్తుంది. ఓడల జైరోకంపాసులతో పనిచేసినవారెవరూ దీన్ని తేలికగా తీసుకోరు.

చుట్టలమేస్త్రి: ఆయన చెప్పిన జారుడు రావాలంటే మూడు మిల్లీరేడియన్లకు పైగా వాలాలి. అది గ్రానైట్ బల్ల, ఓడ కాదు.

గ్రేటింగ్_గోడు: అందరూ జైరో మీదే పడ్డారు. 1550 నానోమీటర్ల దగ్గర బ్రాగ్ గ్రేటింగ్ ప్రతిఫలించే తరంగదైర్ఘ్యం ఒక డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 10 పికోమీటర్లు, ఒక మైక్రోస్ట్రెయిన్‌కు (పొడవులో పదిలక్షవ వంతు సాగుడుకు) సుమారు 1.2 పికోమీటర్లు జరుగుతుంది. అంటే ఒక్క డిగ్రీ వేడి ఎనిమిది మైక్రోస్ట్రెయిన్‌లుగా కనబడుతుంది. పక్కనే ఫ్రేముకు అతికించకుండా మరో గ్రేటింగును వదులుగా ఉంచి, దాని కదలికను తీసివేయాలి. జిగురు సాగడం వేరే పీడ. అతికించిన మొదటి రోజు రీడింగులను నమ్మి నేను ఒక నివేదికనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

నిశ్చలం: గీసి చూశాను. ఉష్ణోగ్రత మారే వేగం, బయస్ దాదాపు ఒకే ఆకారంలో ఉన్నాయి. మందమైన ఫోమ్ కప్పితే జారుడు సగానికి పైగా తగ్గింది. వదులు గ్రేటింగును రేపు అమరుస్తాను. కవచం సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ధ్రువరేఖ: జైరో అక్షాన్ని సరిగ్గా నిలువుగా పెట్టి, ఆ నిలువు చుట్టూనే తిప్పి నాలుగు దిక్కుల్లో రీడింగు తీయండి. భూభ్రమణ భాగం అన్ని దిక్కుల్లోనూ ఒకటే, కాని కాయిల్ తలంలో పడే భూ అయస్కాంత క్షేత్రపు దిశ మారుతుంది. తిప్పినకొద్దీ రీడింగు ఎక్కి దిగితే, ఫైబర్‌లోని మెలికల వల్ల ఫారడే ప్రభావం (అయస్కాంత క్షేత్రం కాంతి ధ్రువణాన్ని తిప్పడం) పనిచేస్తున్నట్లు, అప్పుడు మ్యూమెటల్ (అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే మిశ్రమలోహం) కవచం వేయండి.

ఓపిక: ప్రతి దిక్కులోనూ గంటసేపు సగటు తీయండి.

సున్నా_గీత: వేడెక్కడం ముగిశాక అయితే, ఈసారి ఒప్పుకుంటాను.