ఆరగించునా, అరగించునా?

పలకబలపం: సముద్ర నక్షత్రం మీద ఆటవెలది, మొదటి పాదమే గుర్తుంది: ‘చేర్చి కడుపు జొనిపి చిప్పలో నారగించు’. మిగతా పాదాలు ఎవరికైనా వచ్చా?

గణపాఠి: ‘నారగించు’ కాదండీ, ‘నరగించు’ (చిప్పలోన్ + అరగించు). ‘చిప్పలో’ రగణం, ‘నరగించు’ సలం. దీర్ఘం పెడితే ‘చు’ మిగిలిపోతుంది.

నన్నెచోళ్ళు: మిగిలితే రెండో పాదంలోకి జారుతుంది, తప్పేముంది?

గణపాఠి: అప్పుడా పాదంలో ‘చు’కి యతి కుదరాలి. పాదం తెండి, చూద్దాం.

తీరంగాలి: ఆ జంతువు తిండి చూసినా హ్రస్వమే సరి. అలలు కొట్టే రాళ్ళ మీది పిసాస్టర్ అనే నక్షత్రం గొట్టపుకాళ్ళతో ఆల్చిప్ప రెండు చిప్పలనూ పట్టి లాగుతుంది. మిల్లీమీటరులో పదోవంతు సందు చాలు, కడుపును తిరగేసి లోపలికి దూరుస్తుంది. మాంసం అక్కడే కరుగుతుంది, తర్వాతే కడుపు వెనక్కి. అరగడం ముందు, తినడం తర్వాత!

నన్నెచోళ్ళు: అన్నిటికీ అలా కుదరదు. ఇసుకలో ఉండే ఆస్ట్రోపెక్టెన్ అనే నక్షత్రానికి కాళ్ళ చివర అతుక్కునే బిళ్ళల్లేవు, కడుపూ బయటికి రాదు. చిన్న నత్తల్ని గుల్లతో సహా మింగుతుంది. మలద్వారం లేదు కనుక గుల్లల్ని నోటితోనే కక్కుతుంది. దానికి ‘మ్రింగు’ చాలు.

తీరంగాలి: ఇంకా కిందికి దిగితే అదీ చాలదు. వేల మీటర్ల లోతున పోర్సెలనాస్టరిడ్లు అనే నక్షత్రాలు బురదనే మింగి అందులోని సారం తీసుకుంటాయి. బ్రిసింగిడ్లు అనే మరో రకం చేతులు పైకెత్తి, నీటివాలుకు కొట్టుకొచ్చే సన్నజీవుల్ని పట్టుకుంటాయి. చిప్ప తెరిచే పని రెంటికీ లేదు. పద్యంలోది ఒడ్డుదే.

వెన్నముద్ద: ‘ఆరగించి కూచున్నాడల్లవాడె’ అని అన్నమయ్య అన్నది లక్ష్మీనారసింహుణ్ణి. నైవేద్యపు మాట ఈ పురుగుకెందుకు?

నన్నెచోళ్ళు: లంచాలు ఆరగించాడని రోజూ అనడం లేదూ? ఎత్తిపొడుపుకీ అదే మాట. పైగా పిసాస్టర్ ఆకలి చిన్నది కాదు. 1963లో వాషింగ్టన్ రాష్ట్రంలోని మకా బేలో జీవశాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ ఒక రాతి పట్టీ మీద వాటిని ఏరి పారేస్తూ పోతే, ఆల్చిప్పలు కిందికి పాకి చోటంతా ఆక్రమించాయి. 15 జాతులు 8కి పడిపోయాయి.

తీరంగాలి: ‘కిందికి’ అన్నదే కీలకం. ఆటుకు ఎక్కువసేపు ఆరిపోయే పైమట్టంలో నక్షత్రం నిలవలేదు కనుక అక్కడి చిప్పలు బతికిపోతాయి. నీరు ఎక్కువసేపు ఉండే కిందిమట్టమే దాని మేత.

గణపాఠి: అవన్నీ సరే, ‘కడుపు జొనిపి’లో సరళం ఎక్కడిది? ముందు ద్రుతం (నకారం) ఉంటేగా! ‘కడుపుఁ జొనిపి’ అనుండాలి. అరసున్న ఎవరు మింగారు?

పలకబలపం: నాకు వచ్చినట్టు రాశాను. రెండో పాదం అడిగానండీ...

వెన్నముద్ద: ‘చొనిపి’ అనే విన్నట్టు గుర్తు.