నీళ్ల ఫిల్టరు మెంబ్రేన్లు మట్టిలో కలిసేవే ఉండాలని నియమం పెట్టాలా?

మియాపూర్ వాసి:
మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లే. దాదాపు ప్రతి ఇంట్లో ఆర్వో ఉంది. సర్వీసు వాళ్లు వచ్చినప్పుడల్లా పాత స్పన్ ఫిల్టర్లు (ముందుగా బురదను ఆపే దారపు గొట్టాలు), మెంబ్రేన్లు (ఉప్పును ఆపే పల్చటి పొరల చుట్టలు) నేరుగా చెత్తబండిలోకి పోతున్నాయి. పీఎల్‌ఏ, పీబీఏటీ అనే కుళ్లిపోయే ప్లాస్టిక్‌లు కలిపి చేసిన క్యారీబ్యాగులు వచ్చాయి కదా, అలాంటి పాలిమర్లతో మెంబ్రేన్లు ఎందుకు చేయకూడదు? ప్రభుత్వమే గడువు పెట్టి తప్పనిసరి చేయాలంటాను. మీరేమంటారు?

పటాన్‌చెరు ఇంజనీరు:
తప్పనిసరి అంటే నేను ఒప్పుకోను. ఫ్యాక్టరీల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటులో పనిచేస్తున్నాను. మెంబ్రేన్‌కు పట్టిన జిడ్డు, పాచి వదలాలంటే కాస్టిక్ సోడా అనే ఘాటు క్షారంతో కడగాల్సిందే. పీఎల్‌ఏ ఒక రకం పాలియెస్టర్. అందులోని ఎస్టర్ బంధాలను క్షారం తెంచేస్తుంది. కడిగిన ప్రతిసారీ మెంబ్రేన్ కొంత అరిగిపోతుంది, రంధ్రాలు పెద్దవవుతాయి. మేం పాలీఈథర్‌సల్ఫోన్ అనే గట్టి ప్లాస్టిక్ వాడేది అది ఈ కడుగుడు తట్టుకుంటుందనే.

ఇంకో సంగతి. ఇంటి ఆర్వో మెంబ్రేన్‌ను ఎప్పుడైనా కోసి చూడండి. ఉప్పును ఆపే పాలీఅమైడ్ పొర మందం సాధారణంగా మైక్రాన్‌లో ఐదో వంతుకు మించదు. దాని కింద పాలీసల్ఫోన్, ఆ కింద పాలియెస్టర్ గుడ్డ, చుట్ల మధ్య ప్లాస్టిక్ జాలీ, నడుమ గొట్టం, అంచులకు జిగురు. పై పొర ఒక్కటి మట్టిలో కలిస్తే ఒరిగేదేమిటి?

తార్నాక పరిశోధక విద్యార్థిని:
సర్, కాస్టిక్ గురించి మీరన్నది పీఎల్‌ఏ విషయంలో నిజమే. కానీ పీఎల్‌ఏ ఒక్కటే లేదు కదా. అసలు ఆర్వో నిలదొక్కుకున్నదే మొక్కల పీచు నుంచి తీసే సెల్యులోజ్ అసిటేట్‌తో. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో లోబ్, సౌరిరాజన్ తయారుచేసిన మెంబ్రేన్ అదే. 1965లో అక్కడి కోలింగా ఊరికి నీళ్లిచ్చిన ప్లాంటులో వాడిందీ అదే. క్లోరిన్‌ను పాలీఅమైడ్ కంటే బాగా ఓర్చుకుంటుంది. సూక్ష్మజీవులు తినేస్తాయనే ఇబ్బంది ఉన్నా, పక్కన పడేయాల్సిన పదార్థం మాత్రం కాదు.

రెండు పాలిమర్లు కలపడం ఎందుకంటే, పీఎల్‌ఏ పెళుసు, పీబీఏటీ సాగుతుంది. అయితే ఆ రెండూ ఒకదాంట్లో ఒకటి సరిగా కలవవు, వాటిని పట్టి ఉంచడానికి మూడో పదార్థం వేయాలి. ఆ మిశ్రమాన్ని ద్రావణిలో కరిగించి, గాజు పలక మీద పల్చగా పరిచి నీళ్లలో ముంచుతాం. ద్రావణి బయటికి పోతుంది, నీళ్లు లోపలికి వస్తాయి, పాలిమర్ గట్టిపడుతూ రంధ్రాలు ఏర్పడతాయి. నా బాధంతా ఆ ద్రావణి గురించే. చాలాచోట్ల వాడేది డీఎంఎఫ్ లేదా ఎన్‌ఎంపీ. రెండూ పునరుత్పత్తికి హాని చేసేవని ఐరోపా వర్గీకరించింది. మెంబ్రేన్ మట్టిలో కలుస్తుందని సంబరపడే ముందు, దాన్ని పోతపోసే మనిషి ఏం పీలుస్తున్నాడో, ముంచిన నీళ్లు ఎటు పోతున్నాయో అడగాలి.

మునుగోడు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఉంటున్నవాణ్ణి:
మాది ఫ్లోరైడ్ ఊరు. పళ్లు గారపట్టినవాళ్ల మధ్య, నడుం వంగిపోయినవాళ్ల మధ్య పెరిగాను. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఊళ్లో డబ్బా నీళ్లమ్మే ప్లాంటతని దగ్గర నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే టీడీఎస్ మీటరు తప్ప ఇంకేమీ లేదు. ఆ మీటరు ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. మెంబ్రేన్ లోలోపల పాడవుతుంటే ఎవరు కనిపెడతారు అన్నా? చెత్త తగ్గాలని నాకూ ఉంది, కానీ దానికి మా పిల్లల ఎముకలు పణం పెట్టలేం.

మియాపూర్ వాసి:
మీ భయం అర్థమైంది. మరి పాత మెంబ్రేన్లను ఏం చేయమంటారు? ఇప్పటిలాగే చెత్తబండిలో వేయడమేనా?

పటాన్‌చెరు ఇంజనీరు:
దారి ఉంది. పాత ఆర్వో మెంబ్రేన్‌ను హైపోక్లోరైట్ (బ్లీచింగ్) ద్రావణంలో నానబెడితే పాలీఅమైడ్ పొర పోతుంది. మిగిలిన పాలీసల్ఫోన్ అల్ట్రాఫిల్ట్రేషన్‌కు, అంటే కొంచెం పెద్ద రంధ్రాల వడపోతకు, పనికొస్తుంది. స్పెయిన్‌లో పరిశోధకులు దీన్ని చేసి చూపించారు. ఉప్పును ఆపలేదు గానీ మడ్డిని ఆపుతుంది. ఇంట్లో చేసుకునే పని మాత్రం కాదు, పాతవన్నీ ఒకచోటికి చేరితేనే కుదురుతుంది.

తార్నాక పరిశోధక విద్యార్థిని:
మన ఇళ్లలో మెంబ్రేన్ కంటే ఎక్కువసార్లు మారేది స్పన్ ఫిల్టరు. అదంతా పాలీప్రొపిలీన్. పీఎల్‌ఏనూ కరిగించి, ఊది, సన్నటి దారాలుగా తీయొచ్చు. దాని పని బురదను ఆపడం, ఉప్పును కాదు. కాస్టిక్ తగలదు. విఫలమైనా వెనక మెంబ్రేన్ ఉంటుంది. నియమం పెట్టాలంటే ఇక్కడ మొదలుపెట్టాలి, నర్సరీ సంచులు, కూరగాయల తోటల్లో పరిచే మల్చింగ్ షీట్లు కూడా చేర్చాలి. అయితే పీఎల్‌ఏ కుళ్లాలంటే 58 డిగ్రీల దాకా వేడెక్కే కంపోస్టు యూనిట్ కావాలి. మూసీలో పడితే ఏళ్లతరబడి అలాగే ఉంటుంది. అమ్మినవాళ్లే వాపసు తీసుకోవాలన్న షరతు లేకుండా ఈ నియమం వద్దు.

మియాపూర్ వాసి:
వాపసు ఖర్చు చివరికి మన బిల్లులోనే పడుతుంది. పడనివ్వండి, నేను కడతాను. గడువు మాట మాత్రం వదలను మేడమ్, గడువు లేకపోతే ఏ కంపెనీ కదలదు. స్పన్‌కు రెండేళ్లు చాలు.

మునుగోడు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఉంటున్నవాణ్ణి:
స్పన్‌కు పెట్టండి, అభ్యంతరం లేదు. మెంబ్రేన్ జోలికి వచ్చే రోజున మాత్రం, ముందు ప్రతి ఊరి ప్లాంటులో నెలనెలా ఫ్లోరైడ్ పరీక్ష చేయించి, ఫలితం గోడ మీద రాయించండి.