కర్మాగారంలో మానసిక ఆరోగ్య కార్యక్రమం: కార్మికులు ఎందుకు రావడం లేదు?

నాగావళి ఒడ్డు (రాయగడ):
అందరికీ నమస్కారం. నేను రాయగడ జిల్లాలోని ఒక కర్మాగారంలో సిబ్బంది విభాగంలో పని చేస్తున్నాను. మా కార్మికుల్లో ఒడియావారు, మన తెలుగువారు, కువి మాట్లాడే కొంధులు కలిసి ఉన్నారు. కిందటేడు యాజమాన్యం నెలకొక ఉపన్యాసం, ఉదయం ఆరున్నరకు యోగా, ఫోనులో ఒక యాప్, వారానికొకసారి వచ్చే కౌన్సెలర్‌తో మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆరు నెలల్లో కౌన్సెలర్ గదికి వెళ్లినది నలుగురే, ఆ నలుగురూ ఆఫీసులో పనిచేసేవారే. అదే కాలంలో రాత్రి షిఫ్టులోని మన తెలుగతను ఒకరు నిద్ర పట్టడం లేదని, గుండె దడ తగ్గడం లేదని డిస్పెన్సరీ చుట్టూ తిరిగి, చివరికి గుణియా (భూతవైద్యుడు) దగ్గరకు వెళ్లి, జీతం లేని సెలవులో ఇంట్లో ఉండిపోయాడు. అతని భార్య నా ఎదుట కూర్చుని ఏడ్చినప్పుడు, ఇన్ని ఏర్పాట్లు చేసి ఆ మనిషిని ఎలా వదిలేశామో నాకు అర్థం కాలేదు. యాజమాన్యాన్ని ఏం మార్చమని అడగాలో దయచేసి చెప్పండి.

వంశధార (గుణుపురం):
నేను ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. మన ప్రాంతంలో ఎవరూ డిప్రెషన్ అని చెప్పుకుంటూ రారు. తల బరువుగా ఉందని, ఒళ్లు లాగుతోందని, అన్నం సయించడం లేదని వస్తారు. మీరు చెప్పిన వ్యక్తి డిస్పెన్సరీకి పదేపదే వచ్చాడు కనుక, అక్కడి కాంపౌండరుకూ డాక్టరుకూ ఈ గుర్తులు తెలిసి ఉంటే దారి అక్కడే దొరికేది. ఉపన్యాసాల కన్నా ముందు వారికి శిక్షణ ఇప్పించండి.

రెండవది భాష. సంతలో ఒడియాలో చక్కగా బేరమాడే తెలుగువాడు కూడా తన బాధ చెప్పుకోవలసి వచ్చేసరికి తెలుగులోకి వచ్చేస్తాడు. ఇది నేను రోజూ చూస్తున్నాను. మీ కౌన్సెలర్‌కు తెలుగు రాకపోతే, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉంది. 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు; సేవలందే 20 భాషల్లో తెలుగు కూడా ఉంది. ఆ నంబరును గేటు దగ్గర, క్యాంటీనులో, విశ్రాంతి గదిలో తెలుగులోనూ ఒడియాలోనూ రాయించండి. మందులు అవసరమైనవారికి 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది కనుక, జిల్లా ఆసుపత్రిలో ఆ విభాగం ఏయే రోజుల్లో చూస్తుందో కనుక్కుని అదే బోర్డు మీద చేర్చండి.

సి షిఫ్టు (కొరాపుట్):
నేను కార్మికుడిని. మా దగ్గర కౌన్సెలర్ గది టైమ్ ఆఫీసు పక్కనే ఉండేది, లోపలికి వెళ్లినవాడిని షిఫ్టు అంతా చూసేది. మనవాళ్లలో విశాఖలోని మానసిక ఆసుపత్రిని ఉద్దేశించి ‘నిన్ను చినవాల్తేరు పంపాలి’ అనే మాట ఎంత తేలికగా వస్తుందో మీకు తెలిసే ఉంటుంది. ఒకసారి ఆ మాట పడితే క్రేను నడిపే పని పోతుందని, కాంట్రాక్టు మళ్లీ ఇవ్వరని భయం. మీ యోగా ఉదయం ఆరున్నరకు అంటున్నారు. రాత్రంతా కొలిమి దగ్గర నిలబడి ఆరింటికి బయటపడినవాడికి కావలసింది నిద్ర. ఒక షిఫ్టుకూ మరో షిఫ్టుకూ మధ్య ఎన్ని గంటలు ఇస్తున్నారో, ఓవర్‌టైమ్ వద్దనే వీలు ఉందో లేదో ముందు చూడండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
సి షిఫ్టు గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా పనిభారం, పనివేళల వంటి ఏర్పాట్లను సరిదిద్దమని, పై అధికారులకు శిక్షణ ఇమ్మని చెబుతున్నాయి. యాజమాన్యం లెక్కలు అడిగితే, కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ఆ సంస్థ వేసిన అంచనాను చూపించండి.

గోప్యతకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ ఆధారం. కౌన్సెలర్ ఎవరి పేరూ మీ విభాగానికి ఇవ్వరని రాతపూర్వకంగా ప్రకటించాలి, మీరు కూడా అడగకూడదు. అదే చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం బీమా సంస్థలు శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధుల చికిత్సకూ బీమా కల్పించాలి కనుక, మీ గ్రూపు పాలసీని ఒకసారి తెరిచి చదవండి.

నాగావళి ఒడ్డు (రాయగడ):
అందరికీ కృతజ్ఞతలు. వచ్చిన నలుగురి పేర్లు నాకు తెలిసి ఉండడమే తప్పని ఇప్పుడు గ్రహించాను. ఆ జాబితా ఇకపై మా విభాగానికి రాకుండా చూస్తాను. గదిని డిస్పెన్సరీలోకి మార్చమని, షిఫ్టుల పట్టికను కార్మికులతో కూర్చుని మళ్లీ రాయమని వచ్చే సమావేశంలో అడుగుతాను. ఆ తెలుగతని ఇంటికి నిన్న వెళ్లి, జిల్లా ఆసుపత్రికి తోడు వస్తానని చెప్పి వచ్చాను. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. కువి మాత్రమే మాట్లాడేవారికి తోటి కార్మికుణ్ణి దుబాసీగా కూర్చోబెడితే గోప్యత ఉండదు. కువి తెలిసిన ఆశా కార్యకర్తల సాయం తీసుకున్న అనుభవం ఎవరికైనా ఉంటే దయచేసి రాయండి.