ధ్రువణ కాంతికి మామూలు మైక్రోస్కోప్ సరిపోతుందా?

స్ఫటికం:
ధ్రువణ కాంతిలో, అంటే తరంగాలు ఒకే దిశలో కంపించే కాంతిలో, స్ఫటికాలు చూడాలనుకుంటున్నాను. నాది మామూలు బయాలజీ మైక్రోస్కోప్. కెమెరా లెన్సుకు పెట్టే పోలరైజింగ్ ఫిల్టర్లు రెండు తీసుకుని, ఒకటి దీపం మీద, ఇంకోటి ఐపీస్ మీద పెట్టాను. పై దాన్ని ఎంత తిప్పినా నేపథ్యం నల్లబడట్లేదు. ధ్రువణ కాంతికి ప్రత్యేకమైన మైక్రోస్కోపే కొనాలా?

నేలరాయి:
కొనాలనే నేనంటాను. మామూలు ఆబ్జెక్టివ్‌లలో (స్లైడ్‌కు దగ్గరగా ఉండే లెన్సుల్లో) గాజు లోపలి ఒత్తిడి వల్ల కొంత కాంతి లీకవుతుంది. క్వార్ట్జ్ ద్వివక్రీభవనం, అంటే కాంతిని రెండుగా చీల్చి వేర్వేరు వేగాలతో పంపే గుణం, 0.009 మాత్రమే. 30 మైక్రాన్ల పలక అయితే బూడిద రంగులోనో తెల్లగానో కనిపిస్తుంది. నేపథ్యమే బూడిద రంగులో ఉంటే ఇక దాన్నెలా గుర్తుపడతారు?

పిండిగింజ:
నేలరాయి గారూ, రాళ్ళ విషయంలో మీ మాట కాదనను. కానీ ఇక్కడ తప్పు మైక్రోస్కోప్‌ది కాదండి. ఇప్పుడు దొరికే కెమెరా ఫిల్టర్లు చాలావరకు సర్క్యులర్ రకం. ముందువైపు పోలరైజర్ పొర, కెమెరాకు బిగించే వైపు ఆ కాంతిని వృత్తాకార ధ్రువణంగా మార్చే క్వార్టర్ వేవ్ పొర ఉంటాయి. స్ఫటికం గారూ, కింది ఫిల్టర్‌ను బోర్లించండి, బిగించే వైపు దీపానికి ఎదురుగా ఉండాలి. పై ఫిల్టర్‌కు ఆ వైపు మీ కంటివైపు ఉండాలి. అంటే రెండింటి పోలరైజర్ పొరలూ స్లైడ్ వైపే చూడాలి. అప్పుడు తిప్పి చూడండి, చీకటి పడుతుంది.

తర్వాత ఉప్పు, చక్కెర స్ఫటికాలు పక్కపక్కన పెట్టండి. ఉప్పు స్ఫటికం క్యూబిక్, అంటే ఏ దిశలోనైనా కాంతికి ఒకేలా ఉంటుంది కాబట్టి చీకట్లోనే ఉండిపోతుంది, చక్కెర రంగులతో వెలుగుతుంది. బంగాళదుంప పిండి గింజల్లో నల్లని శిలువ గుర్తు కనబడుతుంది. ఇంత అందం చూడ్డానికి ఖరీదైన పరికరం తప్పనిసరి అంటే, కొత్తవాళ్ళు మొదట్లోనే ఆగిపోతారు. నాకు బాధ కలిగించేది అదే.

నేలరాయి:
చూడటం వేరు, నిర్ధారించడం వేరు. కీళ్ళలో యూరేట్ (యూరిక్ ఆమ్లపు లవణం) స్ఫటికాలు చేరే గౌట్ జబ్బు పరీక్షే తీసుకోండి. ఫుల్ వేవ్ ప్లేట్ (రంగుల తేడా చూపే పలక) పెట్టినప్పుడు, దాని స్లో యాక్సిస్‌కు (ఏ దిశలో కంపించే కాంతి నెమ్మదిగా వెళ్తుందో ఆ అక్షానికి) సమాంతరంగా ఉన్న యూరేట్ సూది పసుపుగా, అడ్డంగా ఉన్నది నీలంగా కనిపిస్తాయి. ఆ అక్షం ఎటుందో తెలియకుండా రంగు చెబితే రోగికి తప్పుడు మందు పడుతుంది. స్లైడ్‌ను చేత్తో తిప్పుతూ కోణాలు కొలవలేం.

పిండిగింజ:
రోగనిర్ధారణకు మీరన్నదే సరి, అందులో వాదించను. అయితే కోణాలకు తిరిగే స్టేజ్ (స్లైడ్ పెట్టే బల్ల) లేకపోయినా, రెండు ఫిల్టర్లనూ కలిపి ఒకే కోణంలో తిప్పితే అదే ఫలితం వస్తుంది. కాస్త ఓపిక కావాలంతే.

స్ఫటికం:
కింది ఫిల్టర్ బోర్లించాను. 10ఎక్స్‌లో కటిక చీకటి! చక్కెర మెరిసింది, ఉప్పు కనబడనే లేదు. 40ఎక్స్‌లో మాత్రం నేపథ్యం బూడిద రంగులో ఉంది.

నేలరాయి:
కండెన్సర్ (స్టేజ్ కింద కాంతిని స్లైడ్ మీదికి చేర్చే లెన్సు) డయాఫ్రమ్‌ను, అంటే దాని ద్వారాన్ని, కొంచెం మూయండి. ఏటవాలుగా వచ్చే కిరణాలు తగ్గి చీకటి పెరుగుతుంది. అప్పటికీ మిగిలితే అది నేను చెప్పిన ఒత్తిడి కావచ్చు. ఇంకోటి, ప్లాస్టిక్ పెట్రీ డిష్ వాడకండి. ఆ ప్లాస్టిక్కే రంగులు చూపిస్తుంది.