వానలకు సవన్నా (చెట్లు అక్కడక్కడా ఉండే గడ్డినేల) పచ్చబడటం: శాటిలైట్ బొమ్మల్లో మీరేం చూశారు?

నైరోబీవాసి:
2023 అక్టోబరులో మొంబాసా రైల్లో పోతుంటే, కెన్యాలోని త్సావో పార్కు అంతా ఎర్రమట్టే. ఏనుగులు కూడా ఆ దుమ్ము పూసుకుని ఎర్రగానే ఉన్నాయి. డిసెంబరులో తిరిగొస్తుంటే మా ఆవిడ "మనం పోయిన దారేనా ఇది?" అంది. మధ్యలో ఎల్ నినో వానలు దంచేశాయి మరి. ఇంటికొచ్చి సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మలు పక్కపక్కన పెట్టి చూశా. కానీ నవంబరువన్నీ మబ్బే. ఏం చేయాలి?

పిక్సెల్‌పిచ్చి:
మబ్బు గోల అందరిదీనండి. చూడాలనుకున్నప్పుడే కనపడదు. సెంటినెల్ ఐదు రోజులకోసారి వచ్చినా అంతే. మోడిస్ (నాసా శాటిలైట్ల మీది కెమెరా లాంటి పరికరం) 16 రోజుల కూర్పు తీసుకోండి, అన్ని రోజుల్లో బాగా వచ్చిన పిక్సెల్‌ను ఏరి ఇస్తారు. 250 మీటర్ల పిక్సెల్ కాబట్టి చెట్టూ పుట్టా విడిగా తెలీవు. మామూలు రంగులు వదిలేసి ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనం కొలత, పెట్టండి. పచ్చని ఆకు ఎర్ర కాంతిని మింగి, కంటికి కనపడని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. వెనక్కొచ్చిన ఆ రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగించడమే. 0.2 దగ్గర పడున్న నేల మంచి వానకి 0.5 దాటడం చూశాను.

సీమబిడ్డ:
పచ్చగా ఉంటే గడ్డేనా సార్? అనంతపురం పక్కన మా ఊరి చెరువు ఏప్రిల్లో కూడా శాటిలైట్లో పచ్చగానే ఉంటుంది. నీళ్లూ లేవు, పంటా లేదు. సర్కారు తుమ్మ!

నైరోబీవాసి:
అయ్యో, అదిక్కడా ఉంది! బరింగో సరస్సు వైపు 'మథెంగే' అంటారు. 1980లలో నేల ఎడారి కాకూడదని నాటారు. కాయలు తిని మేకల పళ్లు ఊడుతున్నాయని జనం కేసు వేసి, బోసినోటి మేకనే కోర్టుకు పట్టుకొచ్చారు.

పిక్సెల్‌పిచ్చి:
అందుకే వానాకాలం బొమ్మ ఒక్కటే చూసి మురిసిపోవద్దు. ఎన్‌డీవీఐని గ్రాఫుగా గీస్తే, గడ్డి గీత వానతో లేచి, వాన పోగానే జారుతుంది. తుమ్మ వేరు లోతు, ఎండల్లోనూ గీత అంతగా దిగదు. బాగా ఎండే నెల చూడండి.

గాబరోన్‌గోదారోడు:
మా బోట్స్వానాలో, ఒకావాంగో నది డెల్టా దగ్గర ఆ లెక్క కుదరదు బాబూ! ఇక్కడ వానలు మార్చికల్లా అయిపోతాయి. డెల్టా నిండేదేమో జూన్, జులై, ఆగస్టుల్లో. అంగోలా ఎత్తుల్లో పడ్డ నీళ్లు నెలల తరబడి నడిచొస్తాయి. చుట్టూ గడ్డి మాడిపోయాక, మధ్యలో అదొక్కటే పచ్చగా చెయ్యి చాపినట్టు కనిపిస్తుంది.

నైరోబీవాసి:
త్సావోకి సెప్టెంబరు, బరింగోకి ఫిబ్రవరి తీశా. త్సావోలో గీత పడిపోయింది. బరింగో ఒడ్డున పడలేదు. మథెంగేనో, ఒడ్డు తుంగో పైనుంచి తేలట్లేదు. వచ్చే నెల కారేసుకుని పోతున్నా.

సీమబిడ్డ:
స్టెప్నీ రెండు పెట్టుకో అన్నా. ఆ ముల్లు టైరులో దిగిందంటే అంతే.