పాలస్తీనా ర్యాలీలో మా పార్టీ కరపత్రాలు పంచొచ్చా?

కాజీపేట పోరడు:
అన్నలూ అక్కలూ, తేల్చుకోలేక అడుగుతున్నా. వచ్చే ఆదివారం హన్మకొండలో పాలస్తీనాకు సంఘీభావంగా ర్యాలీ ఉంది. గాజా పిల్లల ఫొటోలు చూసి నిద్ర పట్టని రాత్రులు చాలా ఉన్నాయి నాకు, కాబట్టి పోవడం ఖాయం. కానీ నేను ఒక పార్టీలో పనిచేస్తా. మా డివిజన్ ఇన్‌చార్జి మూడు వందల కరపత్రాలు, పది జెండాలు చేతిలో పెట్టి "జనం బాగొస్తరు, మెంబర్‌షిప్ బుక్కు కూడా పట్టుకపో" అన్నాడు. కరపత్రం ముందు పక్క కార్పొరేటర్ టికెట్ అడుగుతున్న అన్న ఫొటో, వెనక గాజా గురించి నాలుగు లైన్లు. మనసొప్పడం లేదు. అట్లాగని మా పార్టీ ఈ విషయంలో మొదటినుంచీ మాట్లాడుతోంది, ఆ మాట జనానికి చెప్పుకోవద్దా?

మండిబజార్ వాలంటీర్:
వద్దు తమ్ముడూ. పోయినసారి ర్యాలీలో నేను పక్కన తాడు పట్టుకొని నడిచా. ఒక పెద్దమ్మ మనవరాలితో అట్టముక్క మీద పుచ్చకాయ ముక్క బొమ్మ వేయించుకొని వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు, పాలస్తీనా జెండా రంగులే కదా అవి. రంగు ఇంకా ఆరలేదు, ఆమె వేళ్లకు అంటింది. ఇంతలో ఒకాయన వచ్చి ఆ అట్టకు అడ్డంగా తన పార్టీ జెండా పెట్టి ఫొటో దిగాడు. ఆమె ఏమీ అనలేదు, అట్ట దించి చంకలో పెట్టుకొని పక్కకు జరిగింది. చివరిదాకా మళ్లీ పైకెత్తలేదు. నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.
ఇంకొకటి, పోలీసు పర్మిషన్ ఎవరి పేరు మీద ఉందో కనుక్కో. రేపు మీ జెండాల వల్ల పంచాయితీ వస్తే స్టేషన్‌కు పిలిచేది సంతకం పెట్టిన మనిషినే, మీ ఇన్‌చార్జిని కాదు.

సుబేదారి అక్క:
నేను సగమే ఒప్పుకుంటా. పార్టీలు వద్దు, రాజకీయాలు వద్దు అంటే ఎట్లా? 1947లో ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటేసిన దేశం మనది, 1988లో పాలస్తీనాను దేశంగా గుర్తించాం, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నాం. ఇవన్నీ ప్రభుత్వాలు చేసినవి, ప్రభుత్వాలను నడిపేది పార్టీలు. ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్‌తో కలిసి పెట్టిన హెర్మెస్ 900 సైనిక డ్రోన్ల ఫ్యాక్టరీ 2018లో మొదలైంది, ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లోనే. దాని మీద మీ పార్టీ మాటేంటి? అది రాసిన కరపత్రమైతే నేనే ఆగి తీసుకుంటా. 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌లో చనిపోయిన మామూలు జనం గురించి ఎవరైనా అడిగితే దానికీ దాటేయకుండా జవాబు చెప్పాలి. టికెట్ కోసం తిరిగే మనిషి ఫొటో మాత్రం ఇంట్లో పెట్టి రా.

కేయూ పాత విద్యార్థి:
తెలంగాణ ఉద్యమంలో జేఏసీ (పార్టీలు, సంఘాలు కలిసిన ఉమ్మడి కమిటీ) పెట్టింది ఎందుకో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. సకల జనుల సమ్మె 2011లో 42 రోజులు నడిచింది, ఒకరినొకరు తిట్టుకునే పార్టీలవాళ్లు కూడా ఒకే టెంట్ కింద కూర్చున్నారు. ఎవరి పార్టీ ఏదో అందరికీ తెలుసు, ఎవరూ దాచుకోలేదు, కానీ బ్యానర్ ఉమ్మడిది. నాకు తెలిసిన పద్ధతి ఇదే: నిర్వాహకులను ముందే అడుగు. జెండాలు తెమ్మంటే తీసుకుపో, వద్దంటే వాళ్ల ప్లకార్డు పట్టుకో. నడిచేటప్పుడు పక్కనోడు "ఏ పార్టీ?" అంటే చెప్పు, అందులో తప్పేముంది. మెంబర్‌షిప్ సంగతి మర్నాడు చాయ్ హోటల్లో కూర్చొని మాట్లాడుకోవచ్చు, రసీదు పుస్తకం ఎక్కడికీ పోదు.

కాజీపేట పోరడు:
అందరికీ థ్యాంక్స్. నిర్వాహకులకు ఫోన్ చేశా, పార్టీ జెండాలు ఎవరివీ వద్దన్నారు. ఇన్‌చార్జికి చెబితే కోపం చేశాడు, "మరి నిన్నెందుకు పంపుడు?" అన్నాడు. నువ్వు పంపకపోయినా నేను పోతా అన్నా. కరపత్రాలు కట్ట విప్పకుండా ఆఫీసులో పెట్టి వచ్చా. అక్కా, ఆ డ్రోన్ల ఫ్యాక్టరీ సంగతి వచ్చే మీటింగులో లేవనెత్తుతా, ఏమంటారో ఇక్కడే రాస్తా. ఇప్పుడు మా గల్లీ పిల్లలు ఆరుగురు వస్తామంటున్నారు, ప్లకార్డులు మేమే చేసుకోవాలి. చౌరస్తాలో మందం అట్టలు, తొందరగా ఆరే రంగులు ఏ షాపులో దొరుకుతాయి?